“కరెంటు పెట్టండి మేడం” అంటే ఏం చేయాలి?

(ఫిజియోథెరపీ డిగ్రీ అయిన బీపీటీ మొదటి సంవత్సరంలో చేరిన విద్యార్థులు, వారి తల్లిదండ్రుల ముందు ఒక సీనియర్ ఫిజియోథెరపిస్ట్ చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును చాలావరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో తల్లిదండ్రులు కూర్చున్నారు, వెనక పిల్లలు. నేను మాట్లాడాల్సింది వెనకవాళ్లతో. కానీ ఫీజు కట్టేది ముందువాళ్లు కాబట్టి మధ్యమధ్యలో మీతోనూ మాట్లాడతాను. (నవ్వులు)

మొదట ఒక సంగతి తేల్చేద్దాం. నీట్ రాసి, ఎంబీబీఎస్ రాక, బీడీఎస్ కూడా రాక ఇక్కడికి వచ్చినవాళ్లు చేతులెత్తండి. మొహమాటపడకండి, ఎత్తండి. ఆ... సగానికి పైనే ఉన్నారు. పర్వాలేదు, మా బ్యాచ్‌లోనూ అంతే. మాది ఎంసెట్ కాలం, పరీక్ష పేరు మారింది గానీ కథ అదే. తప్పేం లేదు. ఆ బాధను ఎన్నాళ్లు మోస్తారన్నదే అసలు సంగతి. మూడో సంవత్సరానికి వచ్చాక కూడా “నేను అసలైతే డాక్టర్ కావాల్సినవాణ్ని” అనుకుంటూ వార్డులో అందరి వెనకా నిలబడే పిల్లల్ని చాలామందిని చూశాను. వాళ్లకు తెలివి లేక కాదు, పేషెంట్ మీద చెయ్యి వెయ్యరు. ఈ చదువులో చెయ్యి వెయ్యనివాడికి ఏదీ పట్టుబడదు. కాబట్టి ఏడవాలనుకుంటే ఈ నెల ఏడ్చేయండి. వచ్చే నెల నుంచి అనాటమీ మిమ్మల్ని ఎలాగూ ఏడిపిస్తుంది, అప్పుడు దీనికి టైమ్ ఉండదు.

ఇక మన ఊళ్లలో ఫిజియోథెరపీ అంటే జనం దృష్టిలో రెండే. ఒకటి కరెంటు పెట్టడం, రెండోది మాలిష్. రేపు మీరు క్లినిక్‌లో కూర్చున్నాక వినబోయే మొదటి మాట “కరెంటు పెట్టండి మేడం” అనే. దీని మీద మీకు కోపం రావచ్చు. రాకూడదు. ఎందుకంటే జనానికి ఆ మాట నేర్పింది మనవాళ్లే. పేషెంట్ రాగానే పడుకోబెట్టి, ప్యాడ్లు అతికించి, పదిహేను నిమిషాలు టైమర్ పెట్టి, పక్క బెడ్ దగ్గరికి వెళ్లిపోయే సెంటర్లు వీధికొకటి ఉన్నాయి. రోజుకు నలభై మందిని చూశామని చెప్పుకుంటారు. చూడలేదు, తగిలించారు.

ఒక కేసు దగ్గరగా చూద్దాం. యాభై దాటిన ఆవిడ, అంగన్‌వాడీ టీచర్ అనుకోండి. కుడి భుజం నొప్పి. చెయ్యి వెనక్కి పోక జడ వేసుకోలేకపోతోంది. రాత్రి ఆ పక్కకు తిరిగితే మెలకువ వచ్చేస్తోంది. లోపలికి రాగానే “నరం పట్టేసిందమ్మా, పది రోజులు కరెంటు పెట్టు, పోతుంది” అంటుంది. పక్కింటావిడకు అలాగే పోయింది మరి.

స్విచ్ వేయడానికి ముందు ఏం చేయాలి? స్టూల్ మీద కూర్చోబెట్టి, ముందు ఆవిణ్నే చెయ్యి ఎత్తమనండి. తొంభై డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి భుజం మొత్తం చెవి దాకా లేస్తుంది, ఒళ్లు అటు పక్కకు వంగుతుంది, ముఖం ముడుచుకుంటుంది. ఇప్పుడు చెయ్యి వదులుగా వదిలేయమని చెప్పి మీరు ఎత్తండి. అసలు సమాచారం ఇక్కడ దొరుకుతుంది. మీరు ఎత్తినప్పుడు చెయ్యి పైదాకా వెళ్లిపోతే కీలు బాగానే ఉన్నట్టు, ఎత్తే కండరంలోనో, దాన్ని ఎముకకు కలిపే టెండన్‌లోనో తేడా ఉండొచ్చు. మీరు ఎత్తినా అక్కడే గట్టిగా ఆగిపోతే, కీలు చుట్టూ ఉండే సంచి, క్యాప్సూల్ అంటాం, అది బిగుసుకుందని అనుమానించాలి. తర్వాత మోచెయ్యి నడుముకు ఆనించి, మడిచి, ముంజేతిని బయటివైపు తిప్పి చూడండి. ఇలా క్యాప్సూల్ బిగుసుకుపోవడాన్నే ఫ్రోజెన్ షోల్డర్ అంటాం, అందులో అన్నిటికన్నా ఎక్కువగా పోయేది ఆ కదలికే. కోణం కొలిచే గోనియోమీటర్ పెట్టి ఎన్ని డిగ్రీలో రాయండి. “కొంచెం తగ్గింది” అని రాయకండి. ఇరవై అయితే ఇరవై అని రాయండి. నెల తర్వాత అది ముప్పై ఐదు అయితే కాగితం ఆవిడకే చూపించండి. నొప్పి ఇంకా ఉన్నా మనిషికి ధైర్యం వస్తుంది.

తర్వాత ఒక ప్రశ్న. చాలామంది అడగరు. “షుగర్ చూపించుకున్నారా అమ్మా?” షుగర్ ఉన్నవాళ్లలో ఈ జబ్బు ఎక్కువగా వస్తుంది, ఆలస్యంగా లొంగుతుంది. థైరాయిడ్‌తో కూడా సంబంధం ఉంది. భుజం నొప్పని వచ్చి, షుగర్ ఉందని తెలుసుకుని వెళ్లినవాళ్లు నా దగ్గర కొందరున్నారు, ఏ ఫిజియోను అడిగినా ఉంటారు.

ఇక అన్నిటికన్నా కష్టమైన పని, నిజం చెప్పడం. “అమ్మా, ఇది పది రోజుల్లో పోయేది కాదు. ఏడాది పట్టొచ్చు, ఇంకా ఎక్కువ కూడా పట్టొచ్చు. మొదట నొప్పి ఎక్కువగా ఉంటుంది, తర్వాత నొప్పి తగ్గి బిగువు మిగులుతుంది, ఆ తర్వాత మెల్లగా వదులుతుంది. ఇప్పుడు నొప్పి దశలో ఉన్నారు, బలవంతంగా లాగితే ఇంకా రేగుతుంది.” ఇలా చెప్తే కొందరు లేచి, పది రోజుల్లో తగ్గిస్తామన్న సెంటర్‌కు వెళ్లిపోతారు. వెళ్లనివ్వండి. రెండు నెలల తర్వాత అందులో సగం మంది మీ దగ్గరికే వస్తారు, ఈసారి చెప్పింది వింటారు.

నేను మెషిన్లకు శత్రువును కాను. టెన్స్, ఐఎఫ్‌టీ లాంటి కరెంటు మెషిన్లు కొందరికి కాసేపు నొప్పిని తగ్గిస్తాయి. ఆ కాసేపట్లో కదలిక చేయించుకోవాలి, ఇంటి దగ్గర ఏం చేయాలో నేర్పాలి. అది చేయకుండా కరెంటు పెట్టి పంపేయడమంటే విస్తరి వేసి, వడ్డించకుండా లేపేయడమే. ఇంకో మాట, మీరు నాలుగు వ్యాయామాలు రాసిచ్చి పంపితే ఇంట్లో ఎవరూ చేయరు. రెండే ఇవ్వండి, మీ ఎదురుగా చేయించండి, ఎప్పుడు చేస్తారో వాళ్ల నోటితోనే చెప్పించండి. “పొద్దున కుక్కర్ పెట్టి విజిల్స్ కోసం చూసేటప్పుడు చేస్తాను” అని ఆవిడ అందంటే ఆ వ్యాయామం జరుగుతుంది. “రోజుకు మూడుసార్లు” అని మీరు రాస్తే జరగదు.

పిల్లలకు నిద్ర వస్తున్నట్టుంది, ఒక చిన్న చరిత్ర చెప్తాను. మన దేశంలో ఈ చదువు ఎలా మొదలైందో తెలుసా? పోలియో వల్ల. బొంబాయిలో పోలియో విజృంభించాక, ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో 1952లో అక్కడ మొదటి ఫిజియోథెరపీ స్కూల్ పెట్టారు. ఇంగ్లండ్‌లో ఇంకా ముందే, 1894లో, నలుగురు నర్సులు కలిసి సంఘం పెట్టుకున్నారు. మసాజ్ పేరుతో జరిగే మోసాల నుంచి తమ వృత్తికి మర్యాద దక్కించుకోవడం కోసం. అంటే మన పేరు చెప్పుకుని ఎవరో ఏదో చేయడమనే తలనొప్పి నిన్నా మొన్నటిది కాదన్నమాట. పోలియో మన దేశంలో 2011 జనవరిలో హౌరాలో ఒక పాపకు వచ్చిన కేసుతో ఆగిపోయింది, 2014 మార్చిలో సర్టిఫికెట్ కూడా వచ్చింది. పని మాత్రం తగ్గలేదు. షుగర్, బీపీ, పక్షవాతం, బైక్ యాక్సిడెంట్లు, మోకాళ్ల ఆపరేషన్లు, పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగాలు. పోలియో స్థానంలోకి ఇన్ని వచ్చాయి.

పక్షవాతం గురించి కొంచెం ఎక్కువ మాట్లాడతాను, ఎందుకంటే మీలో ఎక్కువమంది ఇంటింటికీ తిరిగి చేసే పని ఇదే. పెద్దాయనకు స్ట్రోక్ వచ్చింది, హాస్పిటల్ నుంచి ఇంటికి తెచ్చారు. మీరు వెళ్లేసరికి నులక మంచం మీద మధ్యలో దిగబడిపోయి ఉంటాడు. చుట్టాలు ఒక్కొక్కరూ ఒక్కో సలహా. ఒకరు పావురం రక్తం రాయమంటారు, ఇంకొకరు ఫలానా ఊళ్లో పసరు మందు పోస్తారంటారు. వెళ్లీ వెళ్లగానే వాళ్లతో వాదం పెట్టుకోకండి. ముందు మంచం మార్పించండి, చెక్క మంచం, గట్టి పరుపు. పడిపోయిన చెయ్యి దిండు మీద పెట్టించండి. మొదటి రోజుకు అదే వైద్యం.

తర్వాత చూడండి, కొడుకు తండ్రిని ఎలా లేపుతున్నాడో. పడిపోయిన చెయ్యి పట్టుకుని, లేదా చంకలో చెయ్యి వేసి పైకి లాగుతుంటాడు. ప్రేమతోనే. కానీ ఆ భుజం చుట్టూ కండరాలకు పట్టు లేదు, ఆ చెయ్యి బరువుకే కీలు కిందికి జారుతూ ఉంటుంది. భుజం ఎముక అంచు కింద వేలు పెట్టి చూస్తే సందు తగులుతుంది మీకు. అలాంటి చేతిని పట్టుకుని లాగితే ఆరు నెలల తర్వాత పెద్దాయన కాలు నడుస్తుంది గానీ చెయ్యి ముట్టుకుంటే అరుస్తాడు.

మరి ఎలా లేపాలి? అబ్బాయిని పక్కన నిలబెట్టి చూపించండి. పెద్దాయనను మంచం అంచుకు జరపాలి. రెండు పాదాలూ నేలకు ఆనాలి, మోకాళ్ల కన్నా కొంచెం వెనక్కి రావాలి. ఇప్పుడు పైకి కాదు, ముందుకు వంగమనాలి. ముక్కు కాలి బొటనవేలి మీదికి వచ్చేదాకా వంగాలి. అప్పుడు బరువంతా పాదాల మీదికి వస్తుంది, తుంటి దానంతటదే లేస్తుంది. మీరు తుంటి దగ్గర చెయ్యి వేసి తోడు ఉంటే చాలు. ఎనభై కిలోల మనిషిని యాభై కిలోల అమ్మాయి లేపగలిగేది ఇలాగే. మన దగ్గర అందరూ నిటారుగా పైకి లాగుతారు, అందుకే ముగ్గురు మనుషులు కావాల్సివస్తుంది. ఇప్పుడు మీ కుర్చీలోంచి ఒకసారి ముందుకు వంగకుండా లేవడానికి ప్రయత్నించండి. (సభలో సందడి) లేవలేరు. చూశారా? ఎవరికీ ఎవరూ నేర్పలేదు, అందరి ఒళ్లూ అలాగే లేస్తుంది. మనం చేసేది ఒంటికి అది మరిచిపోయిన పని గుర్తుచేయించడం.

పక్షవాతంలో మొదటి మూడు నెలల్లో, ఆరు నెలల్లో వచ్చే మార్పు తర్వాత అంత వేగంగా రాదు. ఆ తర్వాత రాదని కాదు, నెమ్మదిస్తుంది. నాటు వైద్యం కోసం ఊళ్లు తిరిగి ఐదో నెలలో మన దగ్గరికి వచ్చేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. పుత్తూరు కట్టు విషయంలోనూ నేను ఎవరినీ తిట్టను. తరాలుగా జనానికి ఆ కట్టు మీద నమ్మకం ఉంది. కాకపోతే కట్టు ఎవరు కట్టినా, మన కార్పొరేట్ హాస్పిటల్ వాళ్లు వేసే సిమెంటు పట్టీ అయినా సరే, విప్పాక కీలు బిగుసుకుపోయి ఉంటుంది. విప్పిన రోజే ఫిజియో దగ్గరికి పంపితే పని సగమవుతుంది.

ఇప్పుడు చెప్పేది బాగా వినండి. మన పని ఏదో తెలియడం ఎంత ముఖ్యమో, మన పని కానిదేదో తెలియడం అంతకన్నా ముఖ్యం. నడుం నొప్పితో ఒకాయన వస్తాడు. రెండు కాళ్లూ తిమ్మిర్లు. మాటల్లో మాటగా “రెండు రోజుల నుంచి ఒంటేలు సరిగా రావట్లేదు, కూర్చునే చోట మొద్దుబారినట్టుంది” అంటాడు. సైకిల్ సీటుకు ఆనే చోట. ఆ మాట విన్నాక నడుం సాగదీసే ట్రాక్షన్ పెట్టకూడదు, “రేపు రండి” అనకూడదు. ఆటో పిలిచి ఎమర్జెన్సీకి పంపాలి. నడుంలో నరాల గుత్తి మొత్తం నొక్కుకుపోయి ఉండొచ్చు, గంటలు లెక్క అక్కడ. ఆపరేషన్ అయిన కాలి పిక్క వాచి, వేడిగా ఉండి, నొక్కితే నొప్పిగా ఉంటే మాలిష్ చేయకూడదు, లోపల రక్తం గడ్డ ఉండొచ్చు. రాత్రిళ్లు నిద్రపట్టనివ్వని నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం ఉన్నవాళ్లకు వ్యాయామాలు కాదు, ముందు పరీక్షలు కావాలి. ఇక నల్లగొండ వైపు, మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల నుంచి మెడ బిగుసుకుపోయిన పెద్దవాళ్లు వస్తే, అక్కడి నీళ్లలోని ఫ్లోరైడ్ గుర్తుకు రావాలి. ఆ వెన్నెముక చుట్టూ ఉన్న లిగమెంట్లు ఎముకల్లా గట్టిపడి, లోపల వెన్నుపాముకు చోటు తగ్గి ఉండొచ్చు. యూట్యూబ్‌లో చూసి టకటకమనిపించే మెడ విరుపులు అక్కడ చేశారో, మనిషి కాళ్లు పడిపోవచ్చు.

బీపీటీ తర్వాత ఏమేం చేయొచ్చు అన్నది తల్లిదండ్రుల ప్రశ్న. రెండేళ్ల పీజీ కోర్సు ఎంపీటీలో ఆర్థో, న్యూరో, కార్డియో పల్మనరీ, స్పోర్ట్స్, పిల్లల విభాగం ఇలా శాఖలుంటాయి. పిల్లలందరి కళ్లూ స్పోర్ట్స్ మీదే. తెలుసు. టీవీలో క్రికెటర్ కింద పడగానే బ్యాగ్ పట్టుకుని పరిగెత్తుకొచ్చే మనిషే కనిపిస్తాడు కదా. 2010లో మొహాలీ టెస్ట్‌లో మన లక్ష్మణ్ నడుం పట్టేసి, రైనాను రన్నర్‌గా పెట్టుకుని 73 నాటౌట్ కొట్టి ఒక్క వికెట్ తేడాతో గెలిపించాడు, గుర్తుందా పెద్దవాళ్లకు? పుల్లెల గోపీచంద్ మోకాలికి ఆపరేషన్లు చేయించుకుని మళ్లీ కోర్టులోకి దిగి 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. అలాంటి మనిషి తిరిగి ఆడటం వెనక నెలల తరబడి జరిగే వ్యాయామం ఎవరికీ కనపడదు. మంచి శాఖే, కాదనను. కానీ అందులో నికరమైన ఉద్యోగాలు తక్కువ, ఎగబడేవాళ్లు ఎక్కువ. టీమ్‌తో తిరగాలి, పండగలకు ఇంట్లో ఉండరు.

నన్ను అడిగితే, మనుషులు తక్కువగా ఉన్న చోట పని ఎక్కువగా ఉంది. ఒకటి ఐసీయూ. గుండె ఆపరేషన్ అయిన మనిషికి దగ్గాలంటే భయం, కుట్లు తెగిపోతాయని. దిండు ఛాతీకి హత్తుకుని దగ్గించేది మనం. దగ్గకపోతే కఫం నిలిచి న్యుమోనియా వస్తుంది. కోవిడ్ రోజుల్లో పేషెంట్లను బోర్లా పడుకోబెట్టడం, ఊపిరి వ్యాయామాలు చేయించడం ఎంత పనో ఆ వార్డుల్లో తిరిగినవాళ్లకు తెలుసు. రెండోది ఆడవాళ్ల ఆరోగ్యం. కాన్పుల తర్వాత దగ్గినా తుమ్మినా మూత్రం పడిపోవడం ఎంతమందికి ఉందో, ఎంతమంది బయటకు చెప్తారో ఇక్కడున్న తల్లులకు తెలుసు. మూత్రాన్ని పట్టి ఉంచే కండరాలకు చేయించే పెల్విక్ ఫ్లోర్ వ్యాయామాలతో చాలామందికి బాగవుతుంది. వయసు మీద పడితే మామూలే అని సరిపెట్టుకుని, బస్సెక్కడం మానేసి ఇంట్లో కూర్చుంటారు. ఆడపిల్లలు ఇందులోకి రావాలి. మూడోది పిల్లలు. రెండు రాష్ట్రాల్లోనూ ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, జిల్లాల్లో పిల్లల లోపాలను చిన్నప్పుడే పట్టి చికిత్స చేసే డీఈఐసీలున్నాయి. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కదలికలు పట్టు తప్పే జబ్బు ఉన్న బిడ్డను చంకనేసుకుని బస్సులు మారి వచ్చే తల్లి అక్కడ కనిపిస్తుంది. జీతం కాంట్రాక్టు జీతమే, గొప్పగా ఏమీ ఉండదు. పని మాత్రం నిజమైన పని.

జీతం మాట వచ్చింది కాబట్టి దాచకుండా చెప్తాను. బీపీటీ అయిన వెంటనే హైదరాబాద్‌లో పెద్ద హాస్పిటల్‌లో చేరినా చాలామందికి పదిహేను వేలకు అటూఇటూగా మొదలవుతుంది. హాస్టల్ ఖర్చు పోతే చేతిలో మిగిలేదేమీ ఉండదు. వినడానికి బాధగా ఉంటుంది, నాకూ కోపమే. అందుకే ఎక్కువమంది డ్యూటీ అయ్యాక హోమ్ విజిట్లు చేస్తారు, అక్కడ ఒక్కో విజిట్‌కు వందల్లో వస్తుంది, రోజుకు మూడు నాలుగు చూసుకుంటే జీతాన్ని దాటిపోతుంది. అయితే ఒక షరతు. మొదటి రెండేళ్లు డబ్బు చూసి చోటు ఎంచుకోకండి. రకరకాల కేసులు వచ్చే చోట, పైన తప్పు చూపించే సీనియర్ ఉన్న చోట చేరండి. గవర్నమెంట్ జనరల్ హాస్పిటల్‌లో ఇంటర్న్‌షిప్ దొరికితే వదలకండి. ఏసీ సెంటర్‌లో ఏడాదంతా మెడ నొప్పులే చూసినవాడికి, జనరల్ హాస్పిటల్‌లో మూడు నెలలు తిరిగినవాడికి ఉన్న తేడా చేతులు చూస్తేనే తెలిసిపోతుంది.

విదేశాలు. అమెరికా అనగానే ముందు వరుస నిటారుగా కూర్చుంది! (నవ్వులు) అక్కడ ఇప్పుడు ఫిజియో చదువంటే డీపీటీ, డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ. మన డిగ్రీని వాళ్లు లెక్కగట్టి, తక్కువపడ్డ సబ్జెక్టులు చదవమనొచ్చు. తర్వాత ఎన్‌పీటీఈ అనే పరీక్ష, రాష్ట్రం లైసెన్స్. బ్రిటన్ అయితే అక్కడి ఆరోగ్య వృత్తుల కౌన్సిల్, హెచ్‌సీపీసీలో రిజిస్ట్రేషన్. ఆస్ట్రేలియాలో వాళ్ల కౌన్సిల్ పరీక్షలు. గల్ఫ్‌లో లైసెన్స్ పరీక్ష, సాధారణంగా రెండేళ్ల అనుభవం అడుగుతారు. అన్నిచోట్లా అడిగేది ఒకటుంది, మీరు ఏ సబ్జెక్టు ఎన్ని గంటలు చదివారు, క్లినికల్ పోస్టింగ్ ఎన్ని గంటలు చేశారు అని. కాబట్టి లాగ్‌బుక్ ఇప్పటినుంచే జాగ్రత్తగా రాసుకోండి. ఐదేళ్ల తర్వాత కాలేజీ చుట్టూ సంతకాల కోసం తిరిగేవాళ్లను చూస్తే జాలేస్తుంది. ఏజెంట్‌కు లక్షలు కట్టే ముందు ఆ దేశం కౌన్సిల్ వెబ్‌సైట్ మీరే తెరిచి చదవండి, అన్నీ అందులో ఉంటాయి.

చాలు, నేను ఎక్కువ మాట్లాడాను. అడగండి.

(ఒక తండ్రి: మేడం, మా అమ్మాయి పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవచ్చా?)

ఈ ప్రశ్న రాకపోతే ఆశ్చర్యపోయేదాన్ని! 2021లో పార్లమెంట్ అనుబంధ ఆరోగ్య వృత్తులకు చట్టం చేసింది, జాతీయ కమిషన్ వచ్చింది. ఆ కమిషన్ 2025లో ఇచ్చిన కొత్త సిలబస్‌లో పేరు ముందు డాక్టర్, పేరు తర్వాత పీటీ అని పెట్టుకోవచ్చన్నారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ వద్దంటూ లేఖ ఇచ్చింది, మర్నాడే వెనక్కి తీసుకుంది. గొడవ నడుస్తూనే ఉంది. నా మటుకు నేను, బోర్డు మీద ఫిజియోథెరపిస్ట్ అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉండాలంటాను. పేషెంట్‌కు తను ఎవరి దగ్గర కూర్చున్నాడో తెలియాలి. అదే సిలబస్ కోర్సును ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదేళ్లు చేసింది. ఇప్పటిదాకా మన దగ్గర ఇంటర్ బైపీసీ మార్కులతో సీట్లు వస్తున్నాయి, ఇకముందు నీట్‌తో ముడిపెడతామంటున్నారు. ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఉంటే కాళోజీ యూనివర్సిటీ, ఆంధ్రలో అయితే ఎన్టీఆర్ యూనివర్సిటీ నోటిఫికేషన్ ఆ ఏడాదిదే చూసుకోండి, పక్కవాళ్ల మాట మీద పోకండి.

(ఒక తల్లి: ఆడపిల్ల కదమ్మా, బరువులెత్తే పని, చేయగలదా? రేపు పెళ్లయ్యాక?)

లేపడం బలంతో కాదమ్మా, ఇందాక చెప్పాను కదా. మీ అమ్మాయి నడుం జాగ్రత్తగా చూసుకోవడం కూడా ఈ చదువులోనే నేర్పుతారు. పెళ్లయ్యాక సంగతా, ఈ పని ఏ ఊళ్లోనైనా ఉంటుంది, గంటలు మనం పెట్టుకోవచ్చు. ఒకటే జాగ్రత్త, హోమ్ విజిట్‌కు వెళ్లేటప్పుడు అడ్రస్ ఇంట్లో చెప్పి వెళ్లాలి, ఇంట్లో ఇంకో మనిషి ఉన్న పేషెంట్‌నే ఒప్పుకోవాలి. ఇబ్బందిగా అనిపిస్తే మధ్యలో లేచి వచ్చేయాలి. ఫీజు పోయినా సరే. ఇది మగపిల్లలకు కూడా చెప్తున్నాను, ఆడ పేషెంట్‌ను చూసేటప్పుడు ఏం చేయబోతున్నారో ముందే చెప్పి, ఒప్పుకున్నాకే చెయ్యి వెయ్యాలి, ఇంట్లో ఆడవాళ్లను పక్కన ఉండమనాలి.

(ఒక విద్యార్థి: మాది మహబూబాబాద్ దగ్గర పల్లె మేడం. చదువయ్యాక అక్కడికే వెళ్లి క్లినిక్ పెట్టుకుంటే నడుస్తుందా?)

మంచి ప్రశ్న నాన్నా. నడుస్తుంది, కానీ మొదటి ఏడాది నడవదు. ఆ ఏడాది అద్దెకు, తిండికి సరిపడా దాచుకుని వెళ్లు. పల్లెలో కాదు, నాలుగు ఊళ్ల బస్సులు కలిసే టౌన్‌లో పెట్టు. అక్కడి ఎముకల డాక్టర్‌ను, జనరల్ ఫిజీషియన్‌ను వెళ్లి కలువు. కమీషన్ల బేరం పెట్టుకోకు, ఒకసారి మొదలైతే ఆగదు అది. పంపిన ప్రతి పేషెంట్ గురించి ఒక కాగితం మీద డిగ్రీలతో సహా రాసి తిరిగి పంపించు, ఆ కాగితం చూసి ఇంకో పేషెంట్‌ను పంపుతారు. మెషిన్ల మీద లక్షలు పోయకు. మంచి కౌచ్, పట్టుకుని నడవడానికి ప్యారలల్ బార్లు, రెండు మూడు రకాల సాగే బ్యాండ్లు, ఒక టెన్స్ ఉంటే మొదలుపెట్టొచ్చు. పత్తి ఏరే సీజన్‌లో, నాట్ల సీజన్‌లో ఎవరూ రారు, ఆ తర్వాత నడుములు పట్టుకుని అందరూ ఒకేసారి వస్తారు. వాళ్లకు “పొలం పని మానేయండి” అని మాత్రం చెప్పకు. మానలేరు. వంగే తీరు మార్చి చూపించు, గంటకోసారి నడుం వెనక్కి విరవమను. కూలి పోతుందని రోజూ రాలేరు, వారానికోసారి వచ్చేలా ఇంటి వ్యాయామం నేర్పి పంపు.

ఇంకొకటి. అద్దె తక్కువని మేడ మీద తీసుకుంటారు మనవాళ్లు. కింద గది చూసుకో. మోకాళ్ల నొప్పులవాళ్లు మెట్లెక్కి నీ దగ్గరికి ఎలా వస్తారు?